తక్కువ రేటు క్యామ్‌కార్డర్ కొనాలా, పేరున్న కంపెనీదా? కొనేముందు ఒక్కొక్కటిగా చూసుకోవాల్సినవి

మా బాబాయ్ పద్యనాటకాలు వేస్తాడు, చిన్నప్పట్నుంచీ. తెనాలి చుట్టుపక్కల పరిషత్తు పోటీలు ఎక్కడ జరిగినా వెళ్తాడు, ఆయన రాగం ఎత్తుకుంటే ఇప్పటికీ వెనక వరసల్లోంచి వన్స్‌మోర్ అని అరుస్తారు. వయసు డెబ్బై దాటింది కదా, ఇప్పుడన్నా మంచిగా రికార్డు చేసి పెట్టుకుందాం అని నేను ఆన్‌లైన్‌లో ఒక క్యామ్‌కార్డర్ కొన్నాను. డబ్బా మీద 4కే, 48 మెగాపిక్సెల్, 16 ఎక్స్ జూమ్, నైట్ విజన్ అన్నీ ఉన్నాయి, పైన బొచ్చు తొడిగిన మైకు, రిమోటు కూడా ఇచ్చారు, రేటు చూస్తే పేరున్న కంపెనీవాటిలో మూడో వంతు. నాటకం మొత్తం తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెట్టి చూస్తే బాబాయ్ రాగం తీస్తున్న చోట సరిగ్గా మధ్యలో ఫైల్ అయిపోయింది, తర్వాతి ఫైల్ ఆయన పద్యం ఆఖరి పాదం దగ్గర మొదలైంది. ఆ మధ్యలో ఉన్న కొన్ని సెకన్లు ఎక్కడా లేవు. మొహం అయితే తెల్లగా ట్యూబ్‌లైటులా ఉంది, కళ్లూ ముక్కూ తెలియట్లేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద చాలా కూర్చున్నాను, నాలుగైదు కెమెరాలు చేతిలో పట్టుకుని చూశాను, పెళ్లి వీడియోలు తీసేవాళ్లని అడిగాను. నాకు అర్థమైంది వరుసగా రాస్తున్నా, ఈ వరసలోనే చేసుకుంటూ వెళ్లండి, ముందు షాపుకెళ్లి తర్వాత ఆలోచిద్దాం అనుకుంటే మాత్రం అక్కడున్న సేల్స్ అబ్బాయి చెప్పిందే కొనుక్కొస్తాం.

1. మీరు తీసేవాటిల్లో అన్నింటికన్నా కష్టమైన నిమిషం ఏదో రాసుకోండి

అందరూ "ఫంక్షన్లకి కావాలండీ" అంటారు, అది సరిపోదు. పిల్లల పుట్టినరోజు హాల్లో తీయడం వేరు, స్కూల్ యానివర్సరీలో ఇరవయ్యో వరసలో కూర్చుని స్టేజి మీద మన పాప మొహం తీయడం వేరు. నాకు కష్టమైన నిమిషం ఏంటంటే: రాత్రి పదకొండింటికి, వెనకంతా నల్లటి తెర, మొహం మీద ఒక్కటే లైటు, నేను యాభై అడుగుల దూరంలో, పద్యం మధ్యలో ఆపకూడదు, హార్మోనియం శబ్దంలో గొంతు మునిగిపోకూడదు. ఈ ఒక్క వాక్యంలోనే నాకు ఏం కావాలో మొత్తం ఉంది చూడండి: దూరానికి జూమ్, తక్కువ వెలుతురులో పనిచేసే సెన్సర్ (లెన్సు వెనక వెలుతురుని బొమ్మగా మార్చే చిప్పు), ఆగకుండా గంటలు రికార్డ్ అవ్వడం, మైకు పెట్టుకునే రంధ్రం. మీ నిమిషం వేరే అయ్యుండొచ్చు, గుళ్లో కల్యాణం కావొచ్చు, కూచిపూడి అరంగేట్రం కావొచ్చు, కబడ్డీ పోటీ కావొచ్చు. కాగితం మీద రాసుకోండి, కింద చెప్పేవాటన్నింటినీ దానితోనే పోల్చుకోవాలి.

2. అసలు ఫోన్ సరిపోతుందేమో చూడండి

ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా, పది అడుగుల లోపు, పది నిమిషాల లోపు వీడియోలకి ఈ రోజుల్లో పదిహేను ఇరవై వేల ఫోన్ చవక క్యామ్‌కార్డర్ కన్నా బాగా తీస్తుంది. రంగులు బాగుంటాయి, మొహాలు బాగుంటాయి. అందుకే చిన్న క్యామ్‌కార్డర్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి కూడా. అమెరికాలో ఫ్లిప్ అని జేబులో పట్టే క్యామ్‌కార్డర్ ఉండేది, దాన్ని సిస్కో కంపెనీ 2009లో దాదాపు 59 కోట్ల డాలర్లు పెట్టి కొని, 2011 ఏప్రిల్‌లో మూసేసింది. జేబులో ఫోన్ చేసే పనికి ఇంకో పెట్టె ఎవరూ మోయరు.

ఫోన్ ఎక్కడ ఆగిపోతుందంటే మూడు చోట్ల. దూరం నుంచి దగ్గరగా చూపించడం, గంటల తరబడి తీయడం (వేడెక్కుతుంది, స్టోరేజీ నిండుతుంది, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు), స్టాండు మీద పెట్టి మెల్లగా జూమ్ చేస్తూ మనిషి వెంట తిప్పడం. మీ కష్టమైన నిమిషంలో ఈ మూడూ లేకపోతే క్యామ్‌కార్డర్ డబ్బులు మిగిలినట్టే, ఆ డబ్బుతో మంచి మైకు, స్టాండు కొనుక్కోండి.

3. డబ్బా మీద అంకెల్ని లెక్క కట్టండి

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి, లెక్కలు ఐదో తరగతివే.

4కే వీడియో అంటే ఒక్కో ఫ్రేమ్ (వీడియోలో ఒక్కో బొమ్మ) 3840 చుక్కల వెడల్పు, 2160 చుక్కల ఎత్తు. రెండూ గుణిస్తే సుమారు 83 లక్షలు, అంటే 8.3 మెగాపిక్సెల్. ఫుల్ హెచ్‌డీ అయితే 1920 ఇంటూ 1080, సుమారు 21 లక్షలు, అంటే 2 మెగాపిక్సెల్ చిల్లర. మరి వీడియో కెమెరాకి 48 మెగాపిక్సెల్ ఎందుకు? అది వీడియోది కాదు, ఫోటోది, అదీ చాలావరకు లోపలున్న చిన్న సెన్సర్ తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్ సాగదీసి పెద్ద ఫైల్‌గా రాసింది. సోనీ హ్యాండీక్యామ్ సీఎక్స్405 డబ్బా మీద ఫోటోలకి 9.2 మెగాపిక్సెల్ అనే ఉంటుంది, కెనాన్ ఆర్800లో సెన్సర్ మొత్తం 3.28 మెగాపిక్సెలే. అంకె చూసి కొంటే ఈ రెండూ అన్నింటికన్నా కింద ఉంటాయి, తీసిన వీడియో చూస్తే ఆ 48 వాటికన్నా ఎంతో పైన ఉంటాయి.

తర్వాత జూమ్. జూమ్ రెండు రకాలు. ఆప్టికల్ అంటే లోపల అద్దాలు కదిలి నిజంగానే దూరాన్ని దగ్గరకి తెస్తాయి. డిజిటల్ అంటే తీసిన బొమ్మలో మధ్య ముక్క కత్తిరించి పెద్దది చేయడం, అంతే, ఫోన్‌లో ఫోటోని వేళ్లతో సాగదీస్తాం చూశారా అదే. 16 ఎక్స్ డిజిటల్ జూమ్ పూర్తిగా వాడారనుకోండి, 3840ని 16తో భాగించండి, 240 వస్తుంది. అంటే మీ 4కే బొమ్మలో ఇప్పుడు వెడల్పుకి నిజంగా ఉన్నవి 240 చుక్కలు. పాత డబ్బా ఫోన్ వీడియోలు గుర్తున్నాయా, ఇంచుమించు అంత. నేను బాబాయ్ మొహం కోసం జూమ్ మొత్తం లాగాను, అందుకే మొహం ముద్దగా వచ్చింది. అదే సీఎక్స్405లో ఆప్టికలే 30 ఎక్స్, కెనాన్ ఆర్800లో 32, పానసోనిక్ వీ180లో 50. చవక వాటిల్లో కూడా ఆప్టికల్ జూమ్ ఉన్నవి అరుదుగా వస్తున్నాయి, కాబట్టి డబ్బా మీద "జూమ్" అని ఉంటే సరిపోదు, "ఆప్టికల్" అనే మాట దాని ముందు ఉందా లేదా చూడండి. ఆ మాట లేకపోతే డిజిటలే అనుకోండి. షాపులో అయితే ఇంకా తేలిక, జూమ్ నొక్కి లెన్సులోకి తొంగి చూడండి, లోపల అద్దాలు కదలాలి లేదా మోటారు చిన్నగా చప్పుడు చేయాలి.

ఫ్రేమ్‌ల లెక్క కూడా చూడాలి. కొన్నింటిలో పెద్ద సైజు వీడియో సెకనుకి 15 ఫ్రేమ్‌లే, చెయ్యి ఊపితే తోలుబొమ్మలా ముక్కముక్కలుగా కదులుతుంది. కనీసం 25 ఉండాలి, ఆటలూ డాన్సులూ అయితే 50.

"యాంటీ షేక్" అన్నది కూడా అంతే. ఆప్టికల్ స్టెబిలైజేషన్ అంటే అద్దాలే కదిలి మన చేతి వణుకుని సర్దుతాయి. చవక వాటిల్లో ఉండేది ఎలక్ట్రానిక్, బొమ్మ అంచులు కత్తిరించి సర్దుతుంది, 4కేలో పెడితే చాలాసార్లు అది కూడా పనిచేయదు. ఎప్పుడూ స్టాండు మీదే పెడతాను అంటే మాత్రం ఇది మీకు అంత ముఖ్యం కాదు, దీనికోసం డబ్బులు పెట్టొద్దు.

నైట్ విజన్ గురించి ఒక్క మాట. అది ఇన్‌ఫ్రారెడ్ దీపం, కొద్ది అడుగుల దూరం దాకా నలుపు తెలుపులో చూపిస్తుంది. చీకటి గదిలో పిల్లి తిరగడం తీసుకోవచ్చు, స్టేజికి ఎందుకూ పనికిరాదు.

4. డబ్బా మీద పేరు నిజంగా ఎవరిదో కనుక్కోండి

చవక కెమెరాల పేర్లన్నింటినీ కలిపి "స్టోర్ బ్రాండ్" అనేస్తుంటారు, ఆ మాటలో నాకు మూడు రకాలు కనిపించాయి, మూడూ ఒకటి కాదు.

ఒకటి, పెద్ద షాపుల సొంత పేరు. మన దగ్గర క్రోమా వాళ్లు క్రోమా పేరుతో, రిలయన్స్ డిజిటల్ వాళ్లు రీకనెక్ట్ పేరుతో వస్తువులు అమ్ముతారు, అమెరికాలో బెస్ట్ బై వాళ్లకి ఇన్సిగ్నియా ఉంది. తయారు చేసేది వేరే ఫ్యాక్టరీ, పేరు షాపుది. వీటిలో ఒక మేలుంది, పాడైతే వెళ్లి నిలబడి అడగడానికి ఒక కౌంటర్ ఉంటుంది, అది చిన్న విషయం కాదు.

రెండు, పాత పెద్ద పేర్లు. కొడాక్ అని చూడగానే మన నాన్నల కాలం ఫిల్మ్ రోల్ కొడాక్ అనుకుంటాం. ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, ఇప్పుడు పిక్స్‌ప్రో పేరుతో వచ్చే కెమెరాలు లైసెన్స్ తీసుకున్న జేకే ఇమేజింగ్ అనే వేరే కంపెనీవి. పోలరాయిడ్ పేరు కూడా అలాగే చేతులు మారింది. అవి చెడ్డవని కాదు నా ఉద్దేశం, పాత పేరుకి పాత గ్యారంటీ ఉంటుందనుకోవద్దు, వస్తువుని వస్తువుగా చూడండి.

మూడు, ఆన్‌లైన్‌లో మాత్రమే కనిపించే పేర్లు. నేను కొన్నది ఇదే. ఒకే అచ్చులో పోసిన కెమెరా పదిమంది పది పేర్లతో అమ్ముతారు. ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి, అదే బాడీ, అవే బటన్లు, వేరే పేరు, రెండు వేలు తేడా కనిపిస్తే మీకు విషయం అర్థమైపోతుంది. ఇలాంటివాటికి రేపు బ్యాటరీ కావాలన్నా, ఛార్జరు పోయినా ఎవర్ని అడగాలో తెలియదు.

అందుకని కొనేముందు ఈ పనులు చేయండి. డబ్బా మీద లేదా అమ్మే పేజీలో దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు, కస్టమర్ కేర్ నంబరు, ఏ దేశంలో తయారైందో ఉందా చూడండి, ప్యాక్ చేసిన వస్తువుల మీద ఇవి ఉండాలని మన లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) రూల్స్ చెప్తున్నాయి. ఆ నంబరుకి కొనకముందే ఒకసారి ఫోన్ చేయండి, "గుంటూరులో సర్వీస్ ఎక్కడండీ, బ్యాటరీ విడిగా దొరుకుతుందా" అని అడగండి, ఎత్తకపోతే మీ జవాబు మీకు దొరికినట్టే. ఇంకొకటి, బ్యాటరీ మీదా ఛార్జరు మీదా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వస్తుంది. లిథియం బ్యాటరీతో ఆటలొద్దు, వీడియో బాగా రాకపోయినా ఇంట్లో మంటలు రాకూడదు.

5. పేరున్న కంపెనీదైతే ఏది, అందులో ఏం ఉండదు

పెద్ద కంపెనీది కొనేస్తే కళ్లు మూసుకోవచ్చు అనుకుంటారు, అదీ తప్పే. ఉదాహరణకి సీఎక్స్405 తీసుకోండి, 2015లో వచ్చిన మోడల్, 30 ఎక్స్ ఆప్టికల్ జూమ్, అద్దాలు కదిలి వణుకు సర్దే ఏర్పాటు, ఫుల్ హెచ్‌డీలో సెకనుకి 50 మెగాబిట్ల దాకా సమాచారం రాస్తుంది (ఇది ఎక్కువుంటే బొమ్మ విరగదు), అరచేతిలో పట్టే బరువు. పిల్లల ప్రోగ్రాములకి అద్భుతం. కానీ దానికి బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు, హెడ్‌ఫోన్ రంధ్రమూ లేదు! నా పద్యాల పనికి అదొక్కటే పెద్ద అడ్డంకి అయింది. చూడండి, నేను తిట్టుకున్న ఆ చవక కెమెరాకి మైకు రంధ్రం ఉంది, టచ్ స్క్రీన్ ఉంది, దీనికి రెండూ లేవు.

సోనీ ఏఎక్స్43కి వెళ్తే మైకు రంధ్రం, హెడ్‌ఫోన్ రంధ్రం, నిజమైన 4కే, ఇంకా పెద్ద సెన్సర్, 20 ఎక్స్ ఆప్టికల్ జూమ్ వస్తాయి, రేటు మాత్రం చాలా ఎక్కువ. కెనాన్ ఆర్800 4కే కాదు కానీ మైకు, హెడ్‌ఫోన్ రెండూ ఉన్నాయి, గొంతు ముఖ్యం అనుకునేవాళ్లకి అది చాలా మంచి బేరం, కాకపోతే 2017 మోడల్ కాబట్టి కొత్తది దొరకడం కష్టమే, పాతది చూసుకోవాలి.

మైకు రంధ్రం లేని కెమెరానే కుదిరిందనుకోండి, దారి లేకపోలేదు. ఒక చిన్న వాయిస్ రికార్డరో పాత ఫోనో హార్మోనియం పక్కన కాకుండా పాడేవాళ్ల ముందు పెట్టి, మొదట్లో గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చాక ఆ చప్పుడు ఆధారంగా రెండూ కలుపుకోవచ్చు. నేను ఇప్పటికీ అలానే చేస్తాను, మైకున్న కెమెరా ఉన్నా సరే, ఇంకో కాపీ ఉంటుందని.

6. ఇంటికి తెచ్చాక మొదటి మూడు రోజుల్లోనే పరీక్ష పెట్టండి

ఆన్‌లైన్‌లో కొంటే పేజీలో "రిటర్న్" అని ఉందా, "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉందా ముందే చదవండి, రెండోదైతే అలాంటి కెమెరానే ఇంకొకటి పంపిస్తారు, డబ్బులు రావు. డబ్బా విప్పేటప్పుడు ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. ఫంక్షన్ ముందు రోజు విప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

పేపరు పరీక్ష: గోడకి న్యూస్ పేపర్ అంటించి, ఆరడుగుల దూరంలో స్టాండు మీద పెట్టి, ఒకసారి 4కేలో, ఒకసారి ఫుల్ హెచ్‌డీలో తీయండి. రెండూ కంప్యూటర్‌లో పెట్టి ఒకే చోట పెద్దది చేసి చూడండి. చిన్న అక్షరాలు రెండింట్లో ఒకేలా కనిపిస్తుంటే ఆ 4కే నిజం కాదు, ఫుల్ హెచ్‌డీని సాగదీసిందే.

వెలుతురు పరీక్ష: రాత్రి గదిలో అన్నీ ఆర్పేసి ఒక్క బల్బు వెలిగించి, ఇంట్లో ఒకర్ని నల్ల దుప్పటి ముందు కూర్చోబెట్టి తీయండి. మొహం తెల్లగా పేలిపోతోందా, ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) తగ్గించే మార్గం మెనూలో ఉందా, తగ్గిస్తే నిజంగా తగ్గుతోందా చూడండి. స్టేజి పనికి దీన్ని మించిన పరీక్ష లేదు. కెమెరా నల్ల తెరని చూసి "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచేస్తుంది, అప్పుడు మొహం కాలిపోతుంది, నాకు జరిగింది అదే.

గడియారం పరీక్ష: ఇది మాత్రం ఎట్టి పరిస్థితిలో వదలొద్దు. సెకన్ల ముల్లున్న గడియారం ముందు కెమెరా పెట్టి కార్డు నిండేదాకా లేదా బ్యాటరీ అయిపోయేదాకా వదిలేయండి. తర్వాత చూస్తే ఫైళ్లు ముక్కలుగా ఉంటాయి, అది మామూలే, 32 జీబీ లోపు కార్డుల్లో ఫైళ్లు సర్దే ఫ్యాట్32 అనే పద్ధతి వల్ల ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. ముక్కలవడం తప్పు కాదు, ఒక ముక్క చివర్లో గడియారం ఎంత, తర్వాతి ముక్క మొదట్లో ఎంత అన్నది చూడాలి. మధ్యలో సెకను కూడా పోకపోతే మంచి కెమెరా. రెండు మూడు సెకన్లు పోతుంటే పద్యాలకి, మంత్రాలకి, సంగీతానికి అది పనికిరాదు. కొన్ని 29 నిమిషాలకి ఆగిపోతాయి, మళ్లీ బటన్ నొక్కాలి, యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసే కెమెరాలకి ఎక్కువ దిగుమతి సుంకం ఉండేది కాబట్టి కంపెనీలు పెట్టుకున్న హద్దు అది. ఇదే పరీక్షలో బాడీ ఎంత వేడెక్కుతోందో, ప్లగ్‌లో పెట్టి రికార్డు చేయొచ్చో లేదో కూడా తెలుస్తుంది.

చప్పట్ల పరీక్ష: ఆ పెద్ద రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టండి. మొదట్లో చెయ్యి కలవడం, శబ్దం ఒకేసారి ఉండి చివర్లో శబ్దం వెనకపడితే, గంట అయ్యేసరికి పెదాలకీ పాటకీ సంబంధం ఉండదు.

ఇవయ్యాక మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో మీ ఫైల్ పడేయండి. సైజు, సెకనుకి ఫ్రేమ్‌లు, బిట్‌రేట్ చూపిస్తుంది. బిట్‌రేట్ అంటే సెకనుకి ఎంత సమాచారం రాస్తోంది అన్నది. 4కే అని చెప్పి 15 మెగాబిట్లు రాస్తుంటే డాన్సు, పూలు చల్లడం, తలంబ్రాలు పోయడం లాంటివి వచ్చినప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

7. మొత్తం ఖర్చు వేసుకోండి

కెమెరా రేటు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. సెకనుకి 50 మెగాబిట్లు అంటే సెకనుకి 6.25 మెగాబైట్లు, గంటకి సుమారు 22 జీబీ. 100 మెగాబిట్ల 4కే అయితే గంటకి 45 జీబీ. మూడు గంటల నాటకం 4కేలో తీస్తే 135 జీబీ. కాబట్టి 4కే కొంటే కార్డులు, హార్డ్‌డిస్క్, ఎడిటింగ్‌కి ఓపికున్న కంప్యూటర్ కూడా కొన్నట్టే. మా ఇంట్లోవాళ్లు టీవీలో చూడ్డానికి మంచి ఫుల్ హెచ్‌డీ చాలు, నేనైతే 4కే కోసం తాపత్రయపడొద్దనే చెప్తాను.

కార్డు మీద యూ3 లేదా వీ30 గుర్తు ఉన్నది తీసుకోండి, వీ30 అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాయగలదని. కెమెరాతో ఫ్రీగా వచ్చే కార్డుని నమ్మొద్దు, 64 అని రాసి లోపల 8 ఉన్నవి కూడా బజార్లో ఉన్నాయి, నిండగానే పాతవాటి మీద రాసేస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో కొత్త కార్డు మొత్తం నింపి చూస్తే బయటపడుతుంది, రెండు గంటలు పట్టినా చేయండి.

ఇంకో బ్యాటరీ ఉండాల్సిందే. పేరున్నవాటిల్లో ఒక సుఖం, ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుందో స్క్రీన్ మీద చూపిస్తుంది, చవకవాటిల్లో మూడు గీతలు ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా ఆరిపోతుంది. స్టాండుకి కనీసం రెండు వేలు పక్కన పెట్టండి, తల మెల్లగా తిరగాలి, జూమ్‌లో ఉన్నప్పుడు స్టాండు కుదుపు బొమ్మలో భూకంపంలా కనిపిస్తుంది.

8. అమెరికా నుంచి తెప్పిస్తున్నారా?

మన ఇళ్లల్లో ఇది మామూలే, అక్కడ చవకని తమ్ముడో అల్లుడో వచ్చేటప్పుడు తెమ్మంటాం. ఒక్క చిక్కు చూసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ (అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది), వాళ్లది 60. అక్కడ అమ్మే హ్యాండీక్యామ్‌లు సెకనుకి 60, 30 ఫ్రేమ్‌ల లెక్కలో తీస్తాయి, ఇక్కడివి 50, 25 లెక్కలో. ఆ కెమెరాతో మన ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతుంటాయి, వెలుతురు మిణుకుమిణుకుమంటుంది. షటర్ స్పీడ్‌ని (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు తీసుకునే సమయాన్ని) చేత్తో సెకనులో 1/100కి పెట్టుకునే వీలున్న మోడల్ అయితే చాలావరకు సర్దుకుంటుంది, లేకపోతే లేదు. వారంటీ కూడా ఇక్కడ వర్తిస్తుందో లేదో ముందే అడగండి. చవక కెమెరాల మెనూలో చాలాసార్లు 50, 60 మార్చుకునే సెట్టింగు ఉంటుంది, కానీ 60 మీద పెట్టి పంపిస్తారు, మొదటి రోజే 50కి మార్చండి.

9. పాత పేరున్నదా, కొత్త పేరులేనిదా

నన్నడిగితే పది పన్నెండు వేలే ఉన్నాయి, స్టేజి తీయాలి అన్నవాళ్లకి కొత్త చవక కెమెరా కన్నా మూడు నాలుగేళ్ల పాత సోనీయో కెనాన్‌నో పానసోనిక్కో కొనమంటాను. నేను చివరికి చేసింది అదే. హైదరాబాద్ కోఠిలో అయినా, మీ ఊళ్లో పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర అయినా అడగండి, వాళ్లు పెద్ద కెమెరాలకి మారాక ఇవి బీరువాలో ఊరికే ఉంటాయి.

మీ సొంత కార్డు తీసుకెళ్లండి. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు లాగండి, ఎక్కడా పట్టేయకూడదు. లెన్సుని టార్చ్ వెలుతురులో చూడండి, మన కోస్తా గాలికి లోపల సాలెగూడులా బూజు పడుతుంది, అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. స్క్రీన్ తెరిచి తిప్పండి, తీగ తెగిపోయుంటే బొమ్మ మిణుకుతుంది. మైకు గుచ్చి, హెడ్‌ఫోన్ పెట్టి వినండి. టేపు కెమెరాలూ డీవీడీ కెమెరాలూ ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు, కార్డు వేసేవే తీసుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే పక్కన పెట్టేసి కొత్తది కొనుక్కోండి.

10. మరి చవకది ఎవరు కొనాలి?

కొనొచ్చండీ, కొనకూడదని కాదు. పదేళ్ల పిల్లాడికి వీడియోలు తీయడం మీద సరదా పుట్టింది, ఫోన్ ఇవ్వడం ఇష్టం లేదు, అప్పుడు కొనండి, కిందపడేసినా బాధ తక్కువ. పగటిపూట పొలం దగ్గర, పెరట్లో, దగ్గర నుంచి తీసేవాళ్లు కొనొచ్చు. కంప్యూటర్‌కి తగిలించి ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పుకోవడానికి వాడుకోవచ్చు, చాలావాటిల్లో వెబ్‌క్యామ్‌గా పనిచేసే వీలుంటుంది. చాలావాటిలో ఫోకస్ కదలదు, అది కూడా ఒకందుకు మేలే, మధ్యలో ఎవరైనా అడ్డం వెళ్తే మంచి కెమెరాలు ఒక్కోసారి వాళ్ల మీదకి ఫోకస్ మార్చేసి మళ్లీ వెతుక్కుంటాయి, దీనికి ఆ ఇబ్బంది ఉండదు. కానీ మళ్లీ జరగనిది ఏదైనా తీయాలంటే, పెళ్లి, అరంగేట్రం, పెద్దవాళ్ల గొంతు, దాన్ని ఒక్క చవక కెమెరా మీద వదలొద్దు.

పరీక్షలో ఫెయిలైన కెమెరాని గడువులోపే వెనక్కి పంపండి, అమ్మినవాళ్లు వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, డబ్బా విప్పిన వీడియో, గడియారం పరీక్ష వీడియో మూడూ దగ్గర పెట్టుకుని చేయండి.

ఆఖరిగా, కెమెరా ఏదైనా సరే, ప్రోగ్రాం రోజు సాయంత్రం గంట ముందు వెళ్లి లైట్లు వెలిగించమని అడిగి ఎక్స్‌పోజర్ సర్దుకోండి, కార్డు ఫార్మాట్ చేసి మొదలుపెట్టండి, రికార్డింగ్ ఎర్ర చుక్క వెలిగిందో లేదో పద్యం మొదలయ్యేముందు ఒకసారి చూడండి. ఇంటికి రాగానే, ఎంత రాత్రయినా, నిద్రపోకుండా రెండు చోట్ల కాపీ చేయండి, అప్పటిదాకా ఆ కార్డు ఎవరికీ ఇవ్వొద్దు. మొన్న మా బాబాయ్ పోటీ అయిపోయాక నేను కాపీ పెడుతుంటే ఆయన మేకప్ కూడా తుడుచుకోకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు, రాగం దగ్గర ఆపకుండా మొత్తం విన్నాడు, రెండోసారి మళ్లీ పెట్టమన్నాడు.